తమ్ముడి గుమ్మడికాయ

పోయిన ఏడాది మేడ్చల్‌లోని మా చర్చిలో కోత పండుగ. అర్పణకని పెరట్లో కాసిన సొరకాయను పసిబిడ్డలా ఎత్తుకెళ్లాను. అత్వెల్లిలో సాగు చేసే మా తమ్ముడి గుమ్మడికాయకైతే బస్సులో రెండు టికెట్లు కొట్టి ఉంటారు, అంతుంది! పాస్టరుగారు దాన్నే పొగుడుతుంటే, నా కడుపుమంట మీద సంఘమంతటికీ బిర్యానీ ఉడికేది.

అంతలో వాక్యం చదవమని నన్ను లేపారు. తీరా చూస్తే, దేవుడు తమ్ముడి అర్పణను మెచ్చాడని కుళ్లుకుని, అన్న వాణ్ణి చంపిన కథ! వేరే కథ దొరుకుతుందేమోనని పేజీలు తిప్పసాగాను.

“ఆగినవేందన్నా? సదువు,” అన్నాడు తమ్ముడు మురిపెంగా.

చదివాను. నీ తమ్ముడెక్కడని దేవుడు అడిగే చోట, “ఈడనే ఉన్నడు ప్రభువా!” అని అరిచేశాను. చర్చంతా గొల్లున నవ్వింది.

అసూయ పోయిందని అబద్ధమాడను. కానీ దేవుడు మళ్లీ అడిగితే చెప్పడానికి, ప్రతి ఆదివారం వాడి పక్కనే కూర్చుంటున్నాను.