పదిహేను నిమిషాల మీటింగు, ఇరవై మూడు ట్రాక్టర్లు

ముందే చెప్పేస్తున్నా, ఎవరికీ ఏమీ కాలేదు. నా పరువు సంగతి వేరు. మొన్న మంగళవారం మా ఆఫీసు గేటు ముందు ఇరవై మూడు ట్రాక్టర్లు బారులు తీరాయి. రప్పించింది ఎవరో కాదు, నేనే. అదీ నోరు కూడా తెరవకుండా!

నేను నరసరావుపేట పక్కన ఒక కోల్డ్ స్టోరేజీకి మేనేజర్ని. మా వైపు రైతులు దాన్ని ఏసీ అంటారు. మిరపకాయలు ఎండబెట్టి, బస్తాలకెత్తి, రేటు పెరిగేదాకా తెచ్చి మా దగ్గర పెట్టుకుంటారు. ఈ ఏడు రేటు పెరగనూ లేదు, బస్తాలు కదలనూ లేదు. లోపల కాలు పెట్టే సందు లేదు.

పొద్దున్నే పని మొదలయ్యేటప్పుడు మా దగ్గర గందరగోళం చూడాలి. హమాలీల మేస్త్రీ కోటయ్య బస్తాలు మూడో ఛాంబర్లో దింపిస్తే, గుమాస్తా సుబ్బారావు గారు ఒకటో ఛాంబరని రాసుకుంటారు. తర్వాత రైతు వచ్చి "నా బస్తాలేయి?" అంటే తలా ఒక దిక్కు వెతుకుతాం. ఇది చూడలేక, విజయవాడలో రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన ఊపులో స్టాండప్ మీటింగ్ మొదలుపెట్టాను.

ఏం లేదు, రోజూ తొమ్మిదిన్నరకి అందరూ నిలబడి తలా మూడు ముక్కలు చెప్పాలి. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ ఆగిపోయాను. పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. కూర్చుంటే మాట సాగుతుంది కాబట్టి ఎవరూ కూర్చోకూడదు.

"అరవై దగ్గరికొచ్చినోణ్ణి, ఇప్పుడు నన్ను నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకుంటావా అమ్మా?" అన్నారు సుబ్బారావు గారు.

"మోకాళ్లకి మంచిదండీ," అన్నాను. ఎక్కడ చదివానో నాకే తెలియదు.

నిజం చెప్పొద్దూ, మొదటి వారం బాగానే పనికొచ్చింది. మేస్త్రీ చెప్పేదానికీ గుమాస్తా రాసేదానికీ తేడా రెండో రోజే అక్కడికక్కడ బయటపడింది. మెషిన్ రూమ్ శ్రీను అసలు నోట్లో నాలుక లేని మనిషి. కంప్రెసర్ బెల్టు అరిగిపోయిందన్న సంగతి ఎప్పటినుంచో మనసులోనే పెట్టుకున్నాడంట, మీటింగ్‌లో నిలబెడితే చెప్పాడు. అది తెగి ఉంటే మా పని ఏమయ్యేదో! ఇంకేముంది, నాకు గర్వం తలకెక్కింది.

రెండో వారం నుంచి సాగడం మొదలైంది. నిన్న ఏం చేశావు అని అడిగితే కోటయ్య నిద్ర లేచిన దగ్గర్నుంచి ఎత్తుకునేవాడు. సుబ్బారావు గారిది రోజూ ఒకటే మాట, "నిన్న రాశాను, ఇవాళ రాస్తాను." మధ్యలో ఫోన్లు. మధ్యలో గేటు దగ్గర రైతుల కేకలు. పదిహేను నిమిషాలు కాస్తా యాభై అయింది. హమాలీలు వచ్చి, మా మీటింగ్ అయ్యేదాకా బయట బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్లు.

మీటింగ్‌లో తప్పేం లేదు, మనుషుల్లోనే శ్రద్ధ లేదని తేల్చేశాను. అట్లా అనుకోవడం మేనేజర్లకి చానా హాయిగా ఉంటుంది లెండి. సోమవారం సాయంత్రం కొత్త రూల్స్ చెప్పాను. రేపటి నుంచి మీటింగ్ ఆఫీసులో కాదు, బయట ఎండలో. ఎండలో ఎవరూ కథలు చెప్పరు. హమాలీలు పది దాటాక వస్తే చాలు. గేటుకి తాళం. వాచ్‌మన్ కూడా మీటింగ్‌లోనే. ఫోన్లన్నీ, ఆఫీసు సెల్లుతో సహా, బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వెయ్యాలి. ఇవి చాలవన్నట్టు ట్రైనింగ్‌లో చెప్పింది ఇంకోటి కూడా కలిపాను. మొదటి రెండు నిమిషాలూ అందరూ మౌనంగా తలొంచుకుని, నిన్న చేసిన పొరపాటేందో తలుచుకోవాలి.

మంగళవారం తొమ్మిదిన్నర. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. పద్నాలుగు మందిమి గేటుకి ఎదురుగా తలలు దించుకుని నిలబడ్డాం.

సరిగ్గా అప్పుడే బెల్లంకొండ నుంచి రాఘవయ్య బాబాయ్ బండి మీద వచ్చాడు. చుట్టరికం లేదు, పిలుపు అంతే. ఆయనవి నూట ఎనభై బస్తాలు మా దగ్గరున్నాయి. కాయ ఎట్లా ఉందో ఒకసారి చూసుకుందామని వచ్చాడంట. చూస్తే గేటుకి తాళం, వాచ్‌మన్ లేడు. ఊచల్లోంచి తొంగిచూస్తే స్టాఫంతా తలలు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. సుబ్బారావు గారు రుమాలుతో కళ్లు తుడుచుకుంటున్నారు. అది చెమటని బాబాయ్‌కెట్లా తెలుస్తుంది?

నాకు ఫోన్ చేశాడు. డబ్బాలో మోగింది. సుబ్బారావు గారికి చేశాడు. అదీ డబ్బాలోనే. ఆఫీసుకి చేశాడు. డబ్బా గణగణలాడుతుంటే కోటయ్య అటు చూశాడు. "ఎవరూ కదలొద్దు," అన్నాను పళ్ల బిగువున.

"ఏమ్మా మేడమ్! ఏందమ్మా ఇది?" అని గేటు బయటి నుంచి కేక. ఎవరా అని కూడా చూడలేదు నేను. ఇప్పుడు కాదులే అన్నట్టు, తలెత్తకుండానే చెయ్యి అడ్డంగా ఊపాను. బండి స్టార్టయిన చప్పుడు వినపడింది.

మా పల్నాడులో గేటుకి తాళం పడి, ఫోన్లు ఎత్తకపోతే జనానికి తోచేది ఒక్కటే. ఓనరు ఐపీ పెట్టాడని! అంటే ఇక నా దగ్గరేమీ లేదు మొర్రో అని కోర్టులో కాగితం పడేసి చేతులెత్తేశాడని. రాఘవయ్య బాబాయ్ బెల్లంకొండకి ఫోన్ చేశాడు. బెల్లంకొండవాళ్లు రొంపిచెర్లకి చేశారు.

ఇక్కడ మా మీటింగ్ పన్నెండు నిమిషాల్లో పూర్తయింది. రికార్డు! "చూశారా, శ్రద్ధ ఉంటే ఎట్లా ఉంటుందో," అని అందర్నీ మెచ్చుకుని డబ్బా మూత తీశాను. పేరు లేని నంబరు నుంచి మిస్డ్ కాల్స్ చూసి, ఈ టెలికాలర్ల గోల ఎక్కువైందనుకున్నాను.

గంట తిరిగేసరికి మొదటి ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక ఇంకోటి. పదకొండున్నరకి రోడ్డు మీద బస్సు ఆగిపోయింది. ముందు వరసలో రాఘవయ్య బాబాయ్.

"నా బస్తాలు బయటికెయ్యండి!"

"ఎందుకు బాబాయ్? ఏమైంది?"

"ఏమైందా? పొద్దున అంతా అయిపోయిందని చెయ్యి ఊపింది నువ్వు గాదా?"

"అది మీటింగ్ బాబాయ్!"

"ఎండలో నిలబడి ఏడుస్తుంటే దాన్ని మీటింగంటారా? మమ్మల్ని పిచ్చోళ్లనుకున్నావా?"

ఆ ఎండలో బస్తాలు బయటపడితే కాయ రంగు పోతుంది, రంగు పోతే అడిగేవాడుండడు. వాళ్ల ఏడాది కష్టం మొత్తం నేను ఊపిన చేతి మీద ఆధారపడి ఉంది. బస్తాలు వెళ్లిపోతే మా సీజన్ అంతే, నా ఉద్యోగం కూడా అంతే. కాటా దగ్గరున్న అరుగెక్కి మీటింగ్ అంటే ఏంటో గొంతు చించుకుని చెప్పాను. ఎక్కడ ఆగిపోయామో రోజూ చెప్పుకుంటామండీ అన్నాను.

"విన్నారా? ఆగిపోయిందంట!" అన్నాడు వెనక నుంచి ఎవరో. ఇంకో రెండు ట్రాక్టర్లు లోపలికి దూరాయి.

అప్పుడు వచ్చింది నాకు ఓనర్ గారి నుంచి ఫోన్. ఆయన సత్తెనపల్లిలో పెళ్లి భోజనంలో ఉన్నారు.

"ఏందమ్మాయ్, నేను ఐపీ పెట్టానంట గదా! పెట్టించే ముందు నాతో ఒక మాట చెప్పొద్దా?"

ముప్పావుగంటలో వచ్చారు. పట్టుపంచె, నుదుట బొట్టు, చేతిలో తాంబూలం సంచీ. జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. ఐపీ పెట్టినవాడు పట్టుపంచెతో రాడు గదా! ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఛాంబర్ల తలుపులు తీయించి, "ఎవరి బస్తాలు వాళ్లు చూసుకోండయ్యా," అన్నారు. రైతులు విడతలవారీగా లోపలికెళ్లి, వణుక్కుంటూ బయటికొచ్చారు. రాఘవయ్య బాబాయ్ తన బస్తాలోంచి గుప్పెడు కాయలు తెచ్చి అందరికీ చూపించాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

ఓనర్ గారు పక్కనున్న టెంట్ హౌస్ నుంచి యాభై కుర్చీలు తెప్పించి షెడ్డు నీడలో వేయించారు. అందరికీ టీ చెప్పారు. రైతులు కూర్చున్నారు. హమాలీలు కూర్చున్నారు. సుబ్బారావు గారు కాళ్లు చాపుకుని మరీ కూర్చున్నారు. ఏ బస్తా ఎక్కడుందో చీటీ ఇస్తామని, రేపటి నుంచి గేటుకి తాళం వెయ్యబోమని, పది నిమిషాల్లో మాట్లాడుకోవడం కూడా అయిపోయింది. ఒక్క బస్తా బయటికి పోలేదు.

"ఇక పొద్దున అసలేం జరిగిందో మా మేనేజరమ్మ చెబుతుంది," అన్నారు ఓనర్ గారు, గ్లాసు కింద పెడుతూ.

యాభై కుర్చీలు. యాభై మంది. అందరూ నావైపే చూస్తున్నారు. లేచి చెబుదామనుకున్నాను. తీరా చూసుకుంటే, అక్కడ ఇంకా నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే!