మా అత్తగారి కొలువులో ఎన్నికలు

జీవితంలో చేయకూడని పనులు కొన్ని ఉంటాయని పెద్దలు చెప్తూనే ఉంటారు. అత్తగారు పేర్చిన బొమ్మల కొలువును లాండ్రీ బుట్టలోకి ఎత్తి, ఆరో తరగతికి పాఠం చెప్పడానికి పట్టుకెళ్ళడం వాటిలో ఒకటని మాత్రం ఎవరూ చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే నేను ఇది రాయాల్సి వచ్చేది కాదు. ఆ దసరాకి మా ఇంట్లో రాజుగారి ఉద్యోగమూ ఊడేది కాదు.

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా వీధి మొత్తానికి సాఫ్ట్‌వేర్ కాని తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మిడిల్ స్కూల్లో సోషల్ టీచర్ని. "మీరు ఏ కంపెనీ అండీ?" అని అడిగినవాళ్ళకి ఈ సంగతి చెప్తే, "పోన్లెండి, మేడమ్‌గారు చేస్తున్నారుగా" అని ఓదారుస్తారు. మేడమ్‌గారంటే మా సుధ.

అది నా మొదటి సంవత్సరం. ప్రిన్సిపాల్ మిసెస్ కోల్‌మన్ ఒకరోజు నా క్లాసు చూడ్డానికి వచ్చి, చివర కూర్చుని, అయ్యాక నన్ను పిలిచింది.

"మిస్టర్ మూర్తీ, ప్రాచీన ఈజిప్టు సమాజం మీద చాలా స్లైడ్లు చూపించారు."

"అవునండీ. కష్టపడి చేశాను."

"మూడో వరసలో ఒక అబ్బాయి నిద్రపోయాడు."

"చూశాను. లేపితే ఆ చప్పుడికి మిగతావాళ్ళు కూడా లేస్తారేమోనని ఊరుకున్నాను."

ఆవిడ నవ్వలేదు. "కంటికి కనిపించేది, చేత్తో పట్టుకునేది ఏదైనా తెండి. గురువారం మళ్ళీ వస్తాను" అంది. వచ్చే ఏడు నేను అక్కడ ఉండాలా వద్దా అన్నది ఆ 'మళ్ళీ' అనే మాటలోనే ఉంది.

దిగులుగా ఇంటికొస్తే హాల్లో బొమ్మల కొలువు. మా అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలల కోసం వస్తూ, ఈ బొమ్మల్ని చంటిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. వాళ్ళ అమ్మగారి కాలం నాటివట. అయిదు మెట్లు, తెల్లటి పంచె, పైన దేవుళ్ళు, కింద మిగతావాళ్ళు. కొలువు గురించి నా పరిజ్ఞానం అక్కడితో సరి. నేను చేసిన సేవ మెట్లకి బోల్టులు బిగించడం, తర్వాత అడ్డం తప్పుకోవడం.

కాఫీ తాగుతూ వాటి వంక చూశాను. పైన కొద్దిమంది, కింద చాలామంది. నా స్లైడ్లలో ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కని సామాజిక పిరమిడ్, మా హాల్లో తెల్లపంచె కట్టుకుని కూర్చుంది.

గురువారం పొద్దున్న సుధ రైలెక్కి సిటీలో ఆఫీసుకి వెళ్ళింది. అత్తగారు ఫ్రీమాంట్‌లో ఎవరింట్లోనో పారాయణానికి బయల్దేరారు. ఆరింటికి మా ఇంట్లో పేరంటం. గుమ్మం దగ్గర ఆగి నావైపు తిరిగారు.

"బాబూ, కొలువు పెట్టాక దసరా అయ్యేదాకా బొమ్మల్ని కదపకూడదు. దుమ్ము పడినా నేనొచ్చి చూసుకుంటాను."

"నేనెందుకు ముట్టుకుంటానత్తయ్యగారూ" అన్నాను. అది నిజమే. ఆవిడ ఎక్కిన కారు మలుపు తిరిగేదాకా నిజంగానే ఉంది.

నేను బాధ్యత తెలియనివాణ్ణి కాదు. దేవుళ్ళ జోలికి వెళ్ళలేదు. పబ్లిక్ స్కూలు, పైగా భయం. కింది మెట్ల మీది జనాన్ని మాత్రమే తీసుకున్నాను. అంబారీ మీద రాజుగారు, పచారీ కొట్టు దంపతులు, సన్నాయి మేళం, నీళ్ళ బిందెల అమ్మాయిలు, చెట్టెక్కుతున్న కొండపల్లి గీతకార్మికుడు, తల ఊపే తాతగారు. తీసేముందు ఫోన్లో ఫోటో తీసుకున్నాను, తిరిగి అలాగే పెట్టాలని. ఒక్కొక్కరినీ తువ్వాళ్ళలో చుట్టి, ఆ కింది మెట్ల మీది పంచెతో సహా లాండ్రీ బుట్టలో సర్ది, బుట్టకి సీటు బెల్టు పెట్టాను. ఇంత జాగ్రత్తగా తప్పు చేసినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

క్లాసులో బల్లల మీద బల్లలు వేసి, పంచె పరిచి, రాజుగారిని ఈజిప్టు ఫారోని చేసి పైన కూర్చోబెట్టాను. వర్తకులు నడుమ, కష్టపడేవాళ్ళు అడుగున. మిసెస్ కోల్‌మన్ చివర కూర్చుంది. ఎవరూ నిద్రపోలేదు. నాకే కాస్త కంగారేసింది, అలవాటు లేదు కదా.

ముందు వరసలో శ్రీహిత చెయ్యెత్తింది. మా పక్క వీధి పిల్ల, వాళ్ళమ్మ సుధకి స్నేహితురాలు.

"అంకుల్... సారీ, మిస్టర్ మూర్తీ. మా అమ్మమ్మ చెప్పింది, కొలువు బొమ్మలు మూవ్ చేయకూడదు అని."

"మంచి ప్రశ్న," అన్నాను. అది ప్రశ్న కాదు. "మార్కస్, నువ్వేదో అడగబోయావు."

మార్కస్ అంటే ఆ మూడో వరస అబ్బాయే. "ఎవరు పైన ఉండాలో ఎవరు డిసైడ్ చేశారు?"

"పైన ఉన్నవాళ్ళే."

"కిందివాళ్ళు సరే అన్నారా?"

"వాళ్ళని ఎవరూ అడగలేదు."

"ఇప్పుడు అడుగుదామా?"

నేను ప్రిన్సిపాల్ వంక చూశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కానివ్వండి అన్నట్టు తల ఊపింది. తాతగారు అప్పటికే ఊపుతున్నారు.

పావుగంటలో ఈజిప్టు కూలిపోయింది. తాతగారు ఘనవిజయం సాధించారు. "ఎవరేం చెప్పినా తల ఊపుతాడు, వింటాడన్నమాట" అన్నది ప్రచారం. గీతకార్మికుడు రెండో స్థానం, "ఎలాగూ పైకే ఎక్కుతున్నాడు కదా" అని. పచారీ కొట్టాయన్ని, పొట్ట చూసి ఎవరూ నమ్మలేదు. ఆయన భార్యకి మాత్రం ఖజానా ఇచ్చారు. రాజుగారు ఏనుగుతో సహా అట్టడుగుకి దిగారు. అందరికీ పచ్చటి స్టిక్కీ నోట్ల మీద పదవులు రాసి అతికించారు.

"ఒక ఫోటో తీయండి, నాకు కావాలి" అంది మిసెస్ కోల్‌మన్. తీశాను. పోతూ నా భుజం తట్టింది. వచ్చే ఏడు కూడా నేను ఇక్కడే ఉంటానని నాకు అర్థమైంది. సాయంత్రందాకా ఉంటానా అన్నది వేరే విషయం.

ఎందుకంటే ఆ రోజు స్టాఫ్ మీటింగ్ ఉందని మర్చిపోయాను. ఇంటికొచ్చి స్టిక్కీలు పీకి, పంచె పరిచి, బుట్ట విప్పేసరికి సుధ మెసేజ్: స్టేషన్లో దిగాను, అమ్మని కూడా పికప్ చేసుకుని వస్తున్నాను. కంగారుగా ఫోన్లో మొదట కనిపించిన ఫోటో తెరిచాను, పెద్దది చేశాను, ఒక్కొక్క బొమ్మే చూసి ఒక్కొక్క బొమ్మే పెట్టాను. ఫోటోలో అక్కడక్కడా పచ్చటి మచ్చలు కనిపించాయి. పసుపేమో అనుకున్నాను. ఆఖరి బొమ్మ పెట్టేసరికి తలుపు తెరుచుకుంది. నేను సోఫాలో పేపర్లు దిద్దుతున్నాను, తలకిందులుగా.

అత్తగారు కొలువు ముందు నిలబడ్డారు. పై మెట్టు నుంచి కింది మెట్టుదాకా చూశారు. ఏదో అనబోయేలోపే బెల్లు మోగింది, పేరంటం మొదలైంది.

మొదట ఒకావిడ అంది: "పిన్నిగారూ, ఈసారి తాతయ్యని అంత పైన పెట్టారేం?"

"రాజుగారేంటి, చెప్పుల స్టాండు పక్కకి వచ్చారు?" అంది ఇంకొకావిడ.

అత్తగారు మెల్లగా నా వైపు తిరిగారు. "అల్లుడుగారూ."

బాబూ పోయి అల్లుడుగారు వచ్చిందంటే మా ఇంట్లో వాతావరణ హెచ్చరిక.

అప్పుడు గుమ్మంలోంచి శ్రీహిత గొంతు వినిపించింది. "ఓ, ఇది ఎలక్షన్ తర్వాతది."

నేను చూసి పెట్టింది క్లాసులో తీసిన ఫోటో అని నాకు అప్పుడు వెలిగింది. ఆ పిల్ల చెప్పులు విడిచి, తీరిగ్గా ముందుకొచ్చి, కొలువు పక్కన నిలబడి పూర్తి పాఠం చెప్పింది. నాకన్నా బాగా చెప్పింది. "తాతగారికి పందొమ్మిది ఓట్లు. రాజుకి ఒకటే, అది కూడా ఏనుగు కోసం." సుధ నన్ను చూస్తున్న చూపుని నేను వర్ణించను, ఆవిడ కూడా ఇది చదువుతుంది.

అత్తగారు వంగి రాజుగారి వెనక ఏదో చూశారు. నేను పీకడం మర్చిపోయిన ఒకే ఒక్క స్టిక్కీ. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివారు.

"నీడ్ ఎ జాబ్."

ముందు ఒకావిడ కుంకుమ భరిణె పట్టుకునే నవ్వింది. "రెజ్యూమే పంపమనండి పిన్నిగారూ, మా టీమ్‌లో ఉన్నాయి." "హెచ్ వన్ కావాలేమో అడగండి" అని ఇంకొకావిడ. "ఏనుగుకి డిపెండెంట్ వీసా వస్తుందా?" శనగలు చేతిలో పట్టుకుని అందరూ ఒకటే నవ్వు. సుధ పెదవి బిగబట్టి చూసింది, కుదరలేదు.

"ఇప్పుడే అన్నీ మార్చి పెట్టేస్తానత్తయ్యగారూ" అని లేచాను.

"ఆగండి" అన్నారు అత్తగారు. "ఒకసారి కదిపిన పాపం చాలు. కొలువు పెట్టాక దసరా అయ్యేదాకా కదపకూడదు. ఎలా ఉందో అలాగే ఉంటుంది. వచ్చినవాళ్ళకి ఎందుకిలా ఉందో మీరే చెప్పుకోండి."

చెప్పుకున్నాను. రోజూ సాయంత్రం, పట్టుచీరల ముందు, ప్రాచీన ఈజిప్టు. ఊరంతా వచ్చింది. మా స్కూల్లో కూడా అంతమంది అంత శ్రద్ధగా వినలేదు.

దసరా రోజు రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టడం ఆనవాయితీ, కొలువు ముగిసిందని. ఏటా ఎవరిని పడుకోబెడతారో నాకు తెలియదు. ఆ ఏడు అత్తగారు ఏమాత్రం ఆలోచించకుండా రాజుగారిని తీసి మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టారు.

"ఉద్యోగం లేనివాడు కదా," అన్నారు, "పొద్దున్నే లేచి చేసేదేముంది."

ఆ నిద్రిస్తున్న మహారాజు సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో పాఠం కోసం మా ఇంట్లోని ఏ వస్తువునీ గడప దాటించను, దాటించే ఉద్దేశంతో దాని వంక కన్నెత్తి చూడను.

వచ్చే వారం పాఠం సింధు నాగరికత, మురుగునీటి ఏర్పాట్లు. మా వంటింట్లో సింకు కింద పైపులు చాలా చక్కగా ఉంటాయి. నేను వాటి వంక చూడటం లేదు.