మూడో సంగతి కింద రాయని మాట

పన్నెండేళ్లుగా, పూజకు కూర్చున్న ప్రతిసారీ, నా కుడిచేతిని చూస్తే నాకు రోత పుడుతుంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మాది గోదావరి ఒడ్డు, ధర్మపురికి దిగువన. బడులన్నీ ఉర్దూలో నడిచిన రోజుల్లో మా నాన్న, బాపు, నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు నేర్పించారు. ఆయనకు ఎంత మొక్కినా తక్కువే. ఆ చదువుతోనే ఈ పాపం చేశాను.

సర్కారు పంపిన గ్రామసేవకుడు ఊరికి వచ్చి, రేపేమవుతుందో ఎవరికీ తెలియదు కనుక మూడు సంగతులూ ముందే ఆలోచించి పెట్టుకుందామన్నాడు: వానలు సరిగా పడితే, అసలు పడకపోతే, గోదావరి పొంగితే. దేనికి ఎవరేం చేయాలో పెద్దలు చెప్పారు. శుభ్రంగా రాసిపెట్టే పని నాకిచ్చారు.

మూడో సంగతి దగ్గర, దూరంగా నిలబడ్డ కింది వాడ లచ్చవ్వ ఒక మాట చేర్చింది. నది పొంగితే తమ పక్కనున్న వాగు ఎదురుతన్ని ముందు మునిగేది తమ వాడే. డప్పు కొట్టి ముందు తమకు చెప్పాలి, గుడి సత్రం తలుపు తమకూ తీయాలి. పెద్దలు సరేనన్నారు.

ఆ సత్రంలో నేను మడి కట్టుకుని నైవేద్యం వండుతాను. వాళ్లు అక్కడ పడుకుంటారా? నా పొయ్యి పక్కనా? ఆ మాట రాయలేదు. మరిచిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు.

మర్నాడు లచ్చవ్వ వాకిలి బయట నిలబడి అడిగింది.

"మా వాడ సంగతి రాసినవా అమ్మా?"

"రాసిన, లచ్చవ్వా."

"ఇగ నాకు ఫికర్ లే. సర్కారు కాగితంల మేం గూడ ఎక్కినమని మా బిడ్డకు చెప్త," అని నవ్వింది.

రెండేళ్లకు నది పొంగింది. కాగితం చూసి పనులు పంచారు. డప్పు పై వీధుల్లో తిరిగింది. పెద్దలకు ఆనాటి నోటిమాట గుర్తులేదో, గుర్తుంచుకోలేదో. నా పాపంలో వాళ్లకు వాటా ఇవ్వను. కింది వాడవాళ్లు ఇళ్లు వదిలి వెళ్దామంటే లచ్చవ్వే ఆపిందట, కబురొస్తది, కాగితంల ఉన్నదని. నీళ్లు నడుముదాకా వచ్చాక గుట్టెక్కారు. అందరినీ ఎక్కిస్తూ వెనకబడ్డ లచ్చవ్వ మాత్రం దక్కలేదు.

ఆ కాగితమే ఊరిని కాపాడిందని ఇప్పటికీ నాకు దండం పెడతారు. లచ్చవ్వ బిడ్డ కూడా. గుక్కెడు నీళ్లకు కూడా దేవుడికి దండం పెట్టుకునే నేను, ఆ దండాలన్నీ నోరు మూసుకుని అందుకున్నాను. అంటు ఎక్కడుంది? వాళ్ల ఒంటి మీదనా, నా చేతి మీదనా?

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. ఆ కాగితం నకలు నా పెట్టెలో ఉంది. ఈరోజు తీసి, మూడో సంగతి కింద రాశాను: వాగు ఎదురుతన్నితే డప్పు ముందు కింది వాడలో కొట్టాలి. సత్రం తలుపు తీయాలి.

రాశాక కాస్త ఊపిరాడింది. రెండే ముక్కలు. సిరా కూడా ఒకసారి ముంచితే సరిపోయింది.