సిద్దిరాములు చెప్పే బావి

సిద్దిరాములుది శామీర్‌పేట. మేడ్చల్ డిపో ఎదుట కార్ల అడ్డాలో అతన్ని ఎరగనివాళ్లు లేరు. పాతికేళ్లుగా డ్రైవరు. కారు మీద ఒక్క గీత పడనివ్వడు. నోరు మాత్రం బండి కదిలింది మొదలు ఆగదు. కొంపల్లి విల్లాల వాళ్లు సెలవులకు బీదర్ వైపు కోటలూ పాత ఊళ్లూ చూడబోతే అతన్నే పిలుస్తారు. "గైడెందుకండీ, సిద్దిరాములు ఉంటే చాలు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడిన రోజు అతని కాళ్లు నేల మీద ఆనవు.

ఆ దారిలో ఒక పాత ఊరుంది. పేరెందుకు లెండి. ఊరి మొదట్లో రాతి మెట్లబావి, పక్కన చింతచెట్ల నీడ, ఎదురుగా చాయ్ హోటల్. బండి ఆపుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. బావి కథ అలా పుట్టింది. నిజాం పాలన ముగిసే రోజుల్లో ఆ వైపు ఊళ్లలో రక్తం పారిందని చిన్నప్పుడు అవ్వ నోట విన్నాడు. ఏ ఊళ్లోనో, ఎవరి రక్తమో ఆమె చెప్పలేదు, ఇతనూ అడగలేదు. బండిలో హిందువులుంటే, రజాకార్లు తరిమితే మన ఆడవాళ్లు ఈ బావిలో దూకారని చెప్పేవాడు. ముస్లింలుంటే, తర్వాత పోలీసు చర్యకు మిలిటరీ వచ్చినప్పుడు మీ ఆడవాళ్లు దూకారనేవాడు. బావి అదే, దూకినవాళ్లే మారేవారు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటే తన పని బాగా చేశాననుకునేవాడు. ఇదేం పాడుబుద్ధి అంటారేమో. అతను మాత్రం దాన్ని మర్యాద అనుకున్నాడు.

మొన్న చలికాలంలో ఇద్దరు ఆడవాళ్లు బండి మాట్లాడుకున్నారు. ఒకామె కొంపల్లి లలితకుమారి, రిటైరైన టీచరు. రెండో ఆమె జహేదా, మేడ్చల్ బజార్లో బట్టలు కుడుతుంది. జాకెట్లు కుట్టించుకోవడంతో మొదలైన స్నేహం వాళ్లది. లలితకుమారి పోయినేడు తమ్ముడి కుటుంబంతో ఇదే బండిలో వచ్చింది. ఎక్కి దిగేవాళ్ల మొహాలు ఎన్నని గుర్తుంటాయి? సిద్దిరాములు ఆ సంగతి మరిచిపోయాడు.

ఊరు దగ్గర పడగానే జహేదా, "గిది మా నాని పుట్టిన ఊరు భయ్యా, మా అమ్మోళ్లమ్మ" అంది. ఇంకేం, ఏ కథ చెప్పాలో తేలిపోయింది. బావి దగ్గర బండి ఆపి, గొంతు తగ్గించి, మిలిటరీ కథ మొత్తం చెప్పాడు.

జహేదా అంచు దాకా వెళ్లి తల మీద దుపట్టా సర్దుకుంది. "మా నాని అక్క మరియాబీ గూడ బాయిల దుంకింది. నాని ఒక్కతే బతికింది. ఏ బాయో చూపియ్యలేక ఏడ్సుకుంటనే పోయింది. నీ మేలు మర్వ భయ్యా" అని, చేతులు చాచి పోయినవాళ్ల కోసం ఫాతిహా చదవసాగింది.

సిద్దిరాములు రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక నుంచి లలితకుమారి మెల్లగా అంది. "పోయినేడు గీ బాయికాడ్నే నేనేడ్సిన సిద్దిరాములూ. అప్పుడు అండ్ల మావోళ్లుండిరి."

అతను బావి అంచున ఉన్న జహేదా వైపు చూశాడు.

"నేనైతే చెప్ప. చెప్పేది నువ్వే."

కారు తాళం చేతిలోనే ఉంది. ఈ ఇద్దరూ ఇంటికెలా చేరతారన్న ఆలోచన రాకపోతే ఆ క్షణాన పారిపోయేవాడే. అంత సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగి పడలేదు. జహేదా చదవడం ముగించి చేతులతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది.

"అమ్మా, నేను జెప్పింది అబద్ధం. గీ బాయి సంగతి నాకేం ఎరుకలేదు. సల్లగుంటదని ఈడ బండి ఆపుత, గంతే."

జహేదా మళ్లీ బావిలోకి తొంగి చూసింది. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"అయితే అండ్ల ఎవ్వరు లేరా?"

"ఎరుకలేదమ్మా."

"ఇన్నేండ్ల సంది వస్తున్నవ్. ఊర్ల ఎవర్నన్న అడిగినవా?"

"లేదమ్మా."

"పా, ఇప్పుడడుగుదాం. నువ్వే అడుగు భయ్యా. నీకు మాటలొస్తయి."

ముగ్గురూ రోడ్డు దాటి హోటల్లోకి వెళ్లారు. ఓనరు ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడే. సిద్దిరాములు గల్లా బల్ల దగ్గరికి పోయి, "అన్నా, ఆ దినాలల్ల గా బాయిల ఎవరన్న దుంకిన్రా? మీ పెద్దోళ్లేమన్న చెప్పిన్రా?" అని అడిగాడు.

ఓనరు పకపకా నవ్వాడు. "ఏంది సిద్దిరాములూ, నన్ను పరేషాన్ జేస్తున్నవ్? మా పెద్దోళ్లు నోరిప్పకుంటనే పోయిన్రు. నువ్వు ఈడ చాయ్ తాగుకుంట జెప్తుంటె ఇని గదా మాకెరుకైంది! మొన్న మా బిడ్డ స్కూల్ల గదే జెప్పింది. మస్తు సప్పట్లు గొట్టిన్రట."

"ఎవరు దుంకిన్రని చెప్పింది బిడ్డ?" జహేదా అడిగింది.

ఓనరు నోరు తెరిచాడు. సిద్దిరాములు గల్లా బల్ల మీదుగా వంగి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దన్నా. చెప్పకు."