బ్యాటరీ లేని కారులో మోగిన హారన్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కరెంటు పనితో బతికినవాణ్ణి. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడనిదే ఏ మాటా ఒప్పుకునేవాణ్ణి కాదు. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, ఆ రోజు డైరీ ఇంకా నా దగ్గర ఉంది కాబట్టే.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నరసరావుపేటలో ఒక కార్ల షెడ్డులో నేనూ కోటయ్యా పనిచేసేవాళ్ళం. ఇద్దరికీ పని నేర్పిన ఉస్తాదు మస్తాన్ సాయిబు. కారుకు కొత్తగా ఏది బిగించినా, ఫ్యూజు పెట్టెలో తీగ కలిపాక ఆయనే పరీక్షించేవాడు. హారన్ అయితే ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా నొక్కేవాడు. ఆ తర్వాతే బండి బయటికి.

ఆయన పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన స్క్రూడ్రైవరు గోడ మేకుకు అలాగే వేలాడుతోంది. మాలో ఎవరు ఒట్టు పెట్టాలన్నా దాన్ని ముట్టుకుని "ఉస్తాదు మీద ఒట్టు" అనేవాళ్ళం. ఆ ఒట్టు మీద అబద్ధం ఆడకూడదు. అది మా ఇద్దరి కట్టుబాటు.

ఒక ప్లీడరు గారి పాత కారుకు రబ్బరు బూరా ఉండేది. దాని బదులు కరెంటు హారన్ పెట్టమన్నారు. ఆయన కూతురికి నెలలు నిండాయి. మర్నాడు మధ్యాహ్నం ఆ కారులోనే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. యుద్ధం వల్ల ఫ్యూజులు దొరకడం లేదు. మంచి ఫ్యూజు దొరక్కపోతే హారన్ కలపొద్దని కోటయ్యకు చెప్పి, నేను వేరే పని మీద గురజాల వెళ్ళాను.

మర్నాడు పదకొండింటికి తిరిగొచ్చాను. హారన్ బిగించి ఉంది. కారు బ్యాటరీ తీసి, ఛార్జింగు కోసం మూల బల్ల మీద పెట్టి ఉంది.

"ఫ్యూజు ఎక్కడ దొరికిందిరా?" అన్నాను.

"లారీల వాళ్ళ దగ్గర. ఏందిరా, పోలీసోడిలాగా?" అని నవ్వాడు.

"ఒట్టు?"

వాడు మేకు దగ్గరికి వెళ్ళి స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. "ఉస్తాదు మీద ఒట్టు. కొత్త ఫ్యూజే. ఇక చాలా?"

హారన్ మోగింది. ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా.

కారులో ఎవరూ లేరు. షెడ్డులో మేమిద్దరమే. బ్యాటరీకీ కారుకూ మధ్య పది అడుగుల దూరం. రోడ్డు మీద ఇంకో మోటారు ఏదన్నా ఉందేమోనని బయటికి వెళ్ళి చూశాను. మిరపకాయల బస్తాలతో పోతున్న ఎద్దుల బండి ఒక్కటే ఉంది. లోపలికి వచ్చేసరికి కోటయ్య చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడి ఉంది.

ఫ్యూజు పెట్టె మూత తీశాను. మాడిన పాత ఫ్యూజుకు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. హారన్ తీగ రేకు కన్నంలో ఒరుసుకుని అప్పటికే రాగి బయటపడింది. అది రేకుకు తగిలితే మంచి ఫ్యూజు తెగి ఊరుకుంటుంది. వెండి కాగితం అంత తేలిగ్గా తెగదు. తీగలు అంటుకుంటాయి. నిండు చూలాలు వెనక సీట్లో ఉండగా.

పని పుస్తకం తెరిచాను. హారన్ కలిపినవాడి పేరూ, ఫ్యూజు సరిచూసినవాడి పేరూ నాదే. రాత మాత్రం కోటయ్యది.

"ఏం కాదులే అనుకున్నానురా" అన్నాడు, నా మొహం చూడకుండా. ఎనిమిదేళ్ళు ఒకే క్యారియరులో తిన్నాం.

హారన్ తీగ పీకేసి, రబ్బరు బూరా మళ్ళీ బిగించి కారు పంపాను. ఆ అమ్మాయి క్షేమంగా గుంటూరు చేరింది. జరిగింది జరిగినట్టు డైరీలో రాసి, కింద కోటయ్య చేత సంతకం పెట్టించాను. మర్నాటి నుంచి వాడితో కలిసి పని చేయలేదు.

నేను రిటైరయ్యాక ఒక పెళ్ళిలో ఎదురుపడ్డాడు. వెండి కాగితం సంగతి నేను ఎత్తలేదు. హారన్ గురించి మాత్రం అడిగాను. నాతోపాటు దాన్ని విన్నవాడు వాడొక్కడే.

"ఏం హారన్‌రా? చానా ముసలోడివైపోయావు" అని పక్కవాళ్ళ వైపు చూసి నవ్వాడు.

ఇంటికొచ్చి డైరీ తీశాను. హారన్ మోగిందని రాసిన చోట, కింద వాడి సంతకం ఉంది. ఆ కారు తీగలన్నీ మనసులో ఎన్నోసార్లు వెతికాను. కరెంటు వచ్చే దారి ఇప్పటికీ దొరకలేదు.

ఉస్తాదు స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది. కోటయ్యను ఇంకోసారి దాన్ని ముట్టుకుని చెప్పమని అడగాలనిపిస్తుంది. అడగను. వాడు మళ్ళీ అబద్ధమే చెబితే, ఈసారి ఏదీ మోగకపోతే, దాన్ని నేను తట్టుకోలేను.