రెండు గంటలు ఎక్కువ

జిరాక్స్ మిషన్ నుంచి వేడివేడిగా వచ్చిన కాయితం వాసన తగిలితే చాలు, నాకు ఖాదర్ సాబ్ గుర్తొస్తారు. నిన్న ఆఫీసులో ఒకామె పాస్‌పోర్టు నకలు తీయించుకుంటూ, "కువైట్ నుంచి బెంగళూరికి విమానం ఎంతసేపమ్మా?" అని అడిగింది. వేళ్లు మడుస్తూ లెక్క కట్టి చెప్పాను.

హిందూపురంలో ఆయన నడిపిన విమాన టికెట్ల ఆఫీసులో ఆయన దగ్గర పదకొండేళ్లు పనిచేశాను, ఇప్పుడూ అక్కడే ఉన్నాను. రోజూ ధర్మవరం నుంచి రైల్లో వచ్చేదాన్ని. చేరిన కొత్తలో ఒక అమ్మాయి తన భర్త ఎప్పుడొస్తాడని అడిగితే, కంప్యూటర్ చూసి, మూడు వేల కిలోమీటర్ల పైమాటే, నాలుగున్నర గంటలు అని గడగడా చెప్పేశాను. ఖాదర్ సాబ్ నవ్వారు. "విమానం సంగతి ఆ బిడ్డకెందుకమ్మా? మొగుడు వాకిట్లో ఎప్పుడు దిగుతాడో అది చెప్పు." వేళ్లు మడుస్తూ లెక్క కట్టారు. పాస్‌పోర్టులో ముద్ర వేయించుకోవడం, పెట్టెల కోసం ఒక గంట, కారు మాట్లాడుకోవడం, దారిలో టీ. "ఎప్పుడూ రెండు గంటలు ఎక్కువే చెప్పల్ల. ముందొస్తే సంతోషం. లేటయితే ఆ బిడ్డ తలుపు కాడ నిలబడి ఏడుస్తాది."

ఆ లెక్కే నాకు పని నేర్పింది. అదే నా చేత తప్పు చేయించింది అనబోతాను గానీ, ఆయన మీదికి నెట్టడం న్యాయం కాదు. తప్పు నాదే.

పోయిన ఎండాకాలం ఒక తెల్లవారుజామున పెనుకొండలో సొంతింట్లోనే ఖాదర్ సాబ్ పోయారు. ఒక్కగానొక్క కూతురు షాహీన్ కువైట్‌లో నర్సు. దొరికిన విమానానికి టికెట్ నేనే తీశాను. మధ్యాహ్నం మూడింటికి బెంగళూరులో దిగుతుంది. ఎండ మండిపోతోంది. వాళ్లింటి వాకిట్లో ఖాదర్ సాబ్ తమ్ముడు నా దగ్గరికొచ్చి అడిగాడు.

"ఏమ్మా, బిడ్డ ఎన్నింటికి ఇల్లు చేరుతాది? పొద్దుగూకే లోపల వస్తాదంటే మగ్రిబ్ నమాజు దాకా ఆగుతాం. లేదంటే సాయంత్రం అసర్ నమాజుకే ఎత్తల్ల."

నేను వేళ్లు మడిచాను. "ఏడు దాటుతుంది చిన్నాయనా" అన్నాను. ఎంత నమ్మకంగా చెప్పానో! ఆయన అసర్‌కే ఎత్తమని చెప్పడానికి లోపలికి వెళ్లాడు.

ఐదున్నరకే కారు వచ్చి ఆగింది. షాహీన్ చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. అయ్యో, నా బుద్ధి మండా! తండ్రిని ఆఖరిసారి చూడ్డానికి వచ్చే బిడ్డ పెట్టెలు కట్టుకొని వస్తుందా? దారిలో టీకి ఆగుతుందా? మగవాళ్లు జనాజా మోసుకొని గోరీలకు కదిలి పావుగంట కూడా కాలేదు; ఆడవాళ్లు అక్కడికి పోరు. ఆయనకు స్నానం చేయించిన బల్ల ఇంకా వాకిట్లోనే ఉంది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకా తడి ఆరలేదక్కా" అంది. అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటికీ గంటలు లెక్కకట్టి చెబుతూనే ఉన్నాను, అది నా పని. చావు కబురుతో వచ్చినవాళ్లకు మాత్రం చెప్పను. "బిడ్డ వచ్చేదాకా ఆగండప్పా" అంటాను. ఆ రోజు ఆ తమ్ముడు నా నోట వినాలని వచ్చింది కూడా ఆ ఒక్క మాటే.