సమానం కాని రెండు పేలుళ్ళు

2003లో నేను కుప్పంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ లెక్చరర్‌ని. ఫైనలియర్ వాళ్ళు సెమినార్ అంశాలు ఎంచుకునే రోజున ఒక తప్పు చేశాను. తెలియనిదాన్ని తెలియదని అనకుండా, పదిమందినీ నవ్వించి తప్పించుకున్నాను.

రెడ్డెమ్మ పుంగనూరు అమ్మాయి. ఆమె రాసుకొచ్చిన అంశం పల్స్ డిటోనేషన్ ఇంజన్. పెట్రోలు ఇంజన్ల పాఠంలో డిటోనేషన్ ఒక జబ్బు. సిలిండర్‌లో మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది, లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. ఏటా బోర్డు మీద ‘డిటోనేషన్ = నాకింగ్’ అని రాసే చెయ్యి నాది.

"నాకింగ్‌తో విమానం లేపుతావామ్మా? అట్లయితే నా స్కూటర్ ఎప్పుడో మదనపల్లెకు ఎగిరిపోయుండాల" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

"అది కాదు సార్. ఈ డిటోనేషన్ వేరే. నేను చదివినా."

"యాడ చదివినావు?"

"బెంగుళూరులో, ఇంటర్నెట్ సెంటర్లో సార్."

"దాంట్లో ఎవురేమైనా రాస్తారు. కార్బురేటర్ తీసుకో. కూర్చో."

కూర్చుంది. ఆ తర్వాత కార్బురేటర్ మీద సెమినార్‌ను తల ఎత్తకుండా చదివి దిగిపోయింది.

నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు, ఉన్నది అసూయ. చదువుకునే రోజుల్లో నేనూ జెట్ ఇంజన్ల దగ్గర పని చేయాలని కలలుగన్నాను. ఇంటర్వ్యూలోనే ఆ దారి మూసుకుపోయింది. ఇప్పటికీ పైన విమానం మోత వినిపిస్తే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆగుతుంది. ఆ కోరికే ఇంకొకరి నోట వినేసరికి ఓర్చుకోలేకపోయాను.

వేసవిలో లెక్చరర్ల శిక్షణకు బెంగుళూరు వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన వివరించిన ఇంజన్ సరిగ్గా రెడ్డెమ్మ చెప్పబోయిందే. మామూలు జెట్ ఇంజన్‌లో కంప్రెసర్ గాలిని నొక్కుతుంది, ఇంధనం నెమ్మదిగా మండుతుంది. డిటోనేషన్‌లో మంట ధ్వనికంటే వేగంగా, ముందొక ఆఘాత తరంగాన్ని (షాక్‌వేవ్) తోసుకుంటూ పరుగెత్తుతుంది. ఆ తరంగమే మిశ్రమాన్ని నొక్కి మండిస్తుంది. మండడంలోనే ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అదే ఇంధనంతో ఎక్కువ పని రాబట్టొచ్చని ఆశ. ఒక చివర మూసిన గొట్టంలో గాలి, ఇంధనం నింపడం, పేల్చడం, ఖాళీ చేయడం, మళ్ళీ నింపడం. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరగాలి. అప్పుడే విమానాన్ని ఆగకుండా తోసే బలం వస్తుంది.

నేను జబ్బు అన్నదాన్ని వాళ్ళు కావాలని పుట్టిస్తున్నారు.

తిరిగొచ్చాక పలమనేరు మీదుగా బస్సులో పుంగనూరులోని ఆమె ఇంటికి వెళ్ళాను. రెడ్డెమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఎం.టెక్.లో ఏం తీసుకున్నావమ్మా?"

"థర్మల్ సార్. సీటొచ్చేసింది."

"జెట్ ఇంజన్ల ప్రొపల్షన్ యాల అడగలే?"

"మీరే కదా సార్, డిటోనేషన్ జబ్బన్నారు."

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. నాకు తెలీక నిన్ను నవ్వులపాలు చేసినా" అన్నాను.

"ఇప్పుడు చెప్తాండారా సార్" అంది. నవ్వబోయింది కానీ నవ్వలేకపోయింది.

"ఆ సెమినార్ మా కొత్త బ్యాచ్‌కు చెప్తావా? నేను చివరి బెంచీలో కూర్చుంటా."

"మళ్ళీ స్కూటర్ మాట ఎత్తరు కదా?"

"ఎత్తను తల్లీ."

కాలేజీ తెరిచాక వచ్చింది. ముందు నేనే లేచి, ఏడాది కింద ఆమెకు చేసిన అన్యాయాన్ని పిల్లలకు చెప్పి వెనక్కి వెళ్ళాను. ఆమె మొదలుపెట్టింది: "మన క్వారీల్లో గ్రానైట్ దిమ్మె చెదరకుండా రావాలంటే నల్ల తుపాకిమందు పెడతారు. అది నింపాదిగా తోస్తాది. డిటోనేటర్‌తో పేలే గట్టి మందు పెడితే రాయి ముక్కలైపోతాది. రెండూ పేలుడే, కానీ ఒకటి కాదు."

చివర్లో ఒకడు అడిగాడు. "ఇది ఎప్పుడు ఎగురుతాది మేడమ్?"

"తెలీదప్పా. పేలేది కష్టం కాదు. గొట్టం పగలకుండా మళ్ళీ మళ్ళీ పేలాల, అదే కష్టం. థర్మల్‌లో ఉంటానే ఈ పని అడుగుదామనుకుంటాండా. ఇస్తారో లేదో" అంటూ వెనక బెంచీవైపు చూసింది.

ఆ సాయంత్రమే ఆమె ఎం.టెక్. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, ఆమె అడగబోయేది ఏమిటో, నేను ఎందుకు కాదన్నానో దాచకుండా చెప్పాను. నాకింగ్ పాఠం ఇప్పటికీ చెబుతున్నాను. డిటోనేషన్ అని రాస్తాను. సమానం గుర్తు మాత్రం పెట్టను.